లావు తీగకు పదకొండు అంగుళాలు

శ్రావణ పౌర్ణమి. పోటు ఉదయం 8.40.

నూట పన్నెండు చిప్పల్లో ఇవాళ మూసుకున్నవి డెబ్బై నాలుగు.

ఈ అంకె రాసేముందు గోడ పొడవునా రెండుసార్లు నడిచి లెక్క సరిచూసుకున్నాను. పోయిన పౌర్ణమికి ఎనభై తొమ్మిది మూసుకున్నాయి. అంతకు ముందు పౌర్ణమికి నూట ఒకటి.

గోడ దినచర్య నా చేతికి వచ్చి పదకొండు నెలలయింది. ఇంతకు ముందు దీన్ని పట్నం నుంచి వచ్చిన గుమస్తాలు రాసేవారు. చిప్పలకి పట్టిన నాచు గీకే ఇళ్ళలో పలక పట్టినదాన్ని నేనే మొదట. అందుకని అంకె ఒక్కటీ రాసి ఊరుకోవడం నాకు చాతకాదు. కొత్తమొగ సంఘం పెద్ద లోలాక్షమ్మ గారు ఈ పుస్తకం తిరగేసినప్పుడల్లా నవ్వుతారు. ఇవాళ నవ్వలేదు.

తవిటయ్య తాత ఎప్పటిలాగే పోటు తగలడానికి పావుగంట ముందు వాయింపు గదిలోకి వెళ్ళి, మనిషెత్తు ఫిడేలు లాంటి బేసు ఇనుపకాలుని టేకు దూలం మీది గుంటలో ఆనించాడు. ఆ దూలం నేల కిందుగా వెళ్ళి గోడ మొదట్లో దిగింది. బేసు పలికింది దూలం మోసుకుపోతుంది. ప్రతి చిప్పకీ ఒక గొంతు ఉంది. తన గొంతు తనకు వినబడితే మూసుకుంటుంది. ఏరు సముద్రంలో కలిసే చోట గోడ పొడవునా తలుపంత ఆల్చిప్పలు అలా వరసగా మూసుకుంటే ఉప్పునీళ్ళు లోపలికి రావు.

తాత పై గొంతుల నుంచి ఒక్కొక్కటే దిగుతూ వచ్చి, చివరికి లావు తీగని వేలు ఆనించకుండా ఖాళీగా వదిలి విల్లు లాగాడు. అంతకంటే కిందకి బేసులో ఏమీ లేదు. దూరపు చివర ఉన్న ముప్పై ఎనిమిది పెద్ద చిప్పలూ నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఎదిగేకొద్దీ చిప్ప గొంతు దిగుతుంది. బేసు గొంతు దిగదు.

లోలాక్షమ్మ గారు గోడ మీదే నిలబడి మాట్లాడారు. "మామూలు పోటుకి ఉప్పు రేవు కాడ ఆగిపోతంది. మహాలయ అమావాస్య పోటు అలగ ఆగదు, ఏడాదికంతటికీ అదే పెద్దది. ఆవేళ ఒక్కటి తెరిసున్నా మంచినీళ్ళ మడుగు పోద్ది. నూటపన్నెండూ మూసుకుంటే సరే సరి. లేదంటే ఆ మర్నాడే ఇనప తలుపులకి కబురెడతాను. సిప్పలు పీకించీడమే."

"పీకి ఏటి సేస్తారు?" అని అమ్మ అడిగింది.

"సున్నం బట్టీకి."

అమ్మ గీకుడుకత్తి నీళ్ళలో ముంచి కడిగింది. కడిగినదాన్నే మళ్ళీ కడిగింది. "పోలమ్మని కూడా కాలుస్తారేటి," అంది, ఎవరి వైపూ చూడకుండా. పోలమ్మ అంటే అన్నిటికంటే పెద్ద చిప్ప. అమ్మ పెళ్ళయి వచ్చినప్పుడు అది చాటంత ఉండేదట.


శ్రావణ బహుళ విదియ. పాటు సాయంత్రం 4.20.

నీళ్ళు దిగాక బడి నుంచి గొంతు కొలిచే శ్రుతిపెట్టె అడిగి తెచ్చుకుని గోడ మీదకి వెళ్ళాను. చిప్పలు గీకేవాళ్ళు బతికున్నదీ లేనిదీ చూడ్డానికి వెదురుకర్రతో తట్టినట్టే ఒక్కొక్కదాన్నీ తట్టి, పెట్టె మీద పడే అంకె రాసుకున్నాను. ముప్పై ఎనిమిదింటికీ మూడేసిసార్లు కొలిచాను. పోలమ్మది అందరికంటే కిందిది, సెకనుకు ముప్పై ఆరు చిల్లర కంపనాలు. బేసు లావు తీగ ఖాళీగా నలభై ఒకటి పలుకుతుంది.

అంటే బేసు గొంతు రెండు మెట్లు దిగితే చాలు.

అమ్మ బుట్ట నడుముకి కట్టుకుని పక్కనే ఉంది. నేను తట్టే తీరు చూసి, "మెల్లగా కొట్టే, నిద్దరోతంది," అంది.


శ్రావణ బహుళ పంచమి. పోటు మధ్యాహ్నం 12.30. మూసుకున్నవి డెబ్బై మూడు.

పడవలు కట్టే కూర్మారావు మామని వాయింపు గదికి తీసుకొచ్చాను. స్పీకర్ల మాట మొదటే తేలిపోయింది. గోడ మొదలయినప్పటి నుంచి ఈ గదిలో మూడు స్పీకర్లు పెట్టారు. మూడింటినీ ఉప్పుగాలి తినేసింది. బేసు మటుకు మిగిలింది.

"ఏటుంది దీన్లో," అన్నాడు మామ. "తీగ వదులు సేసీ. గొంతు అదే దిగుద్ది."

తాత తీగ బిగించే మర తిప్పి లావు తీగని రెండు మెట్లు కిందకి వదిలాడు. విల్లు లాగితే తీగ బట్టలారేసే తాడులా ఊగింది. గొంతు వచ్చింది గాని, పక్కగదికి కూడా వెళ్ళని గొంతు. దూలం మీద చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు.

"ఐదో తీగ కడితేనో?" అన్నాను. పాఠం పుస్తకంలో అలాంటి బేసు బొమ్మ చూశాను.

మామ బేసు మెడ చుట్టూ పిడికిలి పట్టి చూశాడు. పొట్ట మీద వేలితో తట్టి చెవి పెట్టాడు. "ముసిల్ది. నాలుగు తీగలు మొయ్యడమే దాని గొప్ప. ఐదోది బిగిస్తే పొట్ట లోనకి కూలిపోద్ది. మెడలో సోటు కూడా లేదు."

"మరేం చేద్దాం?" అన్నాను.

"తీగనే పొడుగు సేద్దాం. ఇదిగో, మెడ సివర ఈ ఎముక కాడ కదా ఆగిపోతంది. ఎముకలో గాడి లోతు సేసి, తీగని తల పక్క నుంచి పైకి పట్టుకెళ్ళి, ఓ సెక్క మీద పరిచి, సివర సిన్న సక్రం మీదుగా ఎనక్కి తిప్పి దాని మరకే సుడదాం. బిగువు తగ్గదు, పొడుగు పెరుగుద్ది. పాత గొంతు కావాలంటే ఎముక కాడ గొళ్ళెం ఏసుకో. కొత్తది కావాలంటే గొళ్ళెం తీసుకో."

తాత అప్పటిదాకా విల్లుకి గుగ్గిలం రాస్తున్నాడు. రాయడం ఆపాడు. "తల కోస్తావేటి?"

"కొయ్యను మావా. తల పక్కన సెక్క కడతాను. మూడు మరమేకులు."

"మూడేనా?"

"మూడే."

"నాలుగోది తిప్పినావంటే నువ్వు కట్టిన పడవలన్నిటికీ సిల్లులెడతాను."

ఆ బేసు తాతకి ఆయన గురువు ఇచ్చింది. ఆ గురువుకి ఎవరిచ్చారో తెలియదు. తలమీద నత్తగుల్లలా చెక్కిన చుట్ట ఉంది. తాత రోజూ దాన్ని కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తాడు. మామ వెళ్ళాక నాతో, "దానికి నొప్పెట్టదులే పంతులమ్మా," అన్నాడు. "నాకే ఎడతాది."

నాకు పద్దెనిమిదేళ్ళే అయినా, బళ్ళో పాఠం చెప్పకపోయినా, ఆయనకి నేను పంతులమ్మనే.

ఈ సాయంత్రం లెక్క కట్టాను. తీగ పలికే పొడవు నలభై రెండు అంగుళాలు. రెండు మెట్లు దిగాలంటే ఇంకో ఐదు అంగుళాలు కావాలి. కాగితం మీద గీసి మామకి ఇచ్చాను. నేను గీసిన బొమ్మ చూసి ఒకరు చెక్క కొయ్యడం ఇదే మొదటిసారి.


భాద్రపద శుద్ధ తదియ. పోటు ఉదయం 11. మూసుకున్నవి డెబ్బై ఒకటి.

చెక్క బిగించారు. మూడే మరమేకులు. తాత పక్కనే కూర్చుని లెక్కపెట్టాడు.

కొత్త లావు తీగ పట్నం నుంచి వచ్చింది. ఉక్కు మీద రాగి చుట్టినది. ఇలాంటిది ఇంకోటి చెయ్యాలంటే మూడు నెలలు పడుతుందని తెచ్చినతను చెప్పాడు. చక్రం దాటి మరకి చుట్టాక ఇంకా జానెడున్నర మిగిలింది. ఆ కొస తలకి తగులుతూ బరబరమంటుంటే నేనే కటింగ్ ప్లేయర్ తీసుకుని కత్తిరించాను. మామ ఉంచమనలేదు, తియ్యమనలేదు. నేను కత్తిరించాను అని ఇక్కడ రాస్తున్నాను.

తాత గొళ్ళెం తీసి విల్లు లాగాడు.

గదిలో నీళ్ళ బిందె మీది మూత జుమ్మంది. నా పక్కటెముకల్లో ఎవరో నడిచినట్టయింది. మామ రెండు చేతులూ గోడకి ఆనించి నిలబడి, "అబ్బో," అన్నాడు, చిన్నగా.

తాత అయోమయంగా చూశాడు. "ఏదీ? పలికిందా?"

ఆయన చెవులు ఆ గొంతుని అందుకోవడం లేదు. డెబ్బై ఆరేళ్ళు. ఆయన మళ్ళీ లాగి, బేసు వీపుని తన పొట్టకి ఇంకాస్త దగ్గరగా అదుముకున్నాడు. కాసేపటికి మొహం విచ్చుకుంది. "ఉందుంది. ఇక్కడినపడతంది," అని పొట్ట తట్టుకున్నాడు. "తిన్న అంబలి కూడా ఇంటంది."


భాద్రపద పౌర్ణమి. పోటు ఉదయం 8.45.

మూసుకున్నవి తొంభై మూడు.

గట్టు మీద ఈలలు వేశారు. పౌర్ణమికి పౌర్ణమికి పంతొమ్మిది పెరిగాయి కదా. లోలాక్షమ్మ గారు కూడా నా భుజం తట్టారు. నేను మాత్రం దూరపు చివరకి నడిచి చూశాను. పోలమ్మ మూసుకోలేదు. దాని చుట్టూ ఉన్న పద్దెనిమిదీ మూసుకోలేదు. నేను కొలిచిన అంకెకి సరిగ్గా ఆ గొంతే వాయించాం. తీగని శ్రుతిపెట్టెతో నాలుగుసార్లు సరిచూశాను. లెక్క ఎక్కడా తప్పలేదు.

తప్పు కనబడితే దిద్దుకోవచ్చు. ఇది కనబడటం లేదు. పదిహేను రోజులున్నాయి.


భాద్రపద బహుళ పాడ్యమి.

ఇవాళ అన్నం దగ్గర అమ్మ నన్ను చూసి, "ఏటే, మెతుకులు లెక్కెడతన్నావా?" అంది.

చెప్పాను. పోలమ్మ గొంతు ముప్పై ఆరు అని, అదే పలికించామని, అయినా మూసుకోలేదని.

"దాన్ని ఎప్పుడు కొట్టి సూసినావు?"

"నీళ్ళు దిగాక. నువ్వక్కడే ఉన్నావు కదా."

అమ్మ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "పొడి సిప్ప గొంతొకటి, నీట్లో సిప్ప గొంతొకటి కాదేటే. నీట్లో ఉంటే బొంగురుగా ఉంటాది. సగం పోటుకి మేం ములిగి గీకినప్పుడు కత్తి తగిల్తే సేతికి తెలస్తాది. బయట గంటలాగుంటాది, నీట్లో కుండలాగుంటాది."

చిప్ప మూసుకోవలసింది నీళ్ళలో. నేను కొలిచింది గాలిలో.

"ఆరోజే ఎందుకు చెప్పలేదమ్మా?" నా గొంతు నాకే కటువుగా వినబడింది.

"నువ్వడిగినావా?" అంది. తర్వాత మెత్తగా, "సదుకున్నదానివి. పెట్టె అట్టుకొచ్చినావు. నాకు తెల్సింది నీకు తెల్దని నాకెలగ తెలస్తాది?" అంది.

నేను అడగలేదు. అమ్మ కర్రతో తట్టేది బతుకూ చావూ తెలుసుకోవడానికే అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఆవిడ చేతిలో ఉన్న ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి అసలు లేదనుకున్నాను. ఈ దినచర్యని పైవాళ్ళు చదువుతారు. ఈ తప్పు నాది. ఇంకెవరి పేరూ దీని పక్కన రాయకూడదు.


భాద్రపద బహుళ విదియ. పోటు ఉదయం 10.15. మూసుకున్నవి తొంభై మూడు.

అమ్మని వాయింపు గదికి తీసుకెళ్ళాను. గోడ దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి ఆ గదిలో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. గడప దగ్గర ఆగి తడికాళ్ళు కొంగుతో తుడుచుకుంది.

"రాయే గవరమ్మా," అన్నాడు తాత. "నీ కూతురు నా ముసిల్దానికి కొమ్ము మొలిపించింది, సూసినావా."

"సూసినాను మావయ్యా. పొట్టి కొమ్ము."

చేసిన పని ఇది. తాత గొళ్ళెం తీసి విల్లు లాగుతుంటే, నేను మర తిప్పుతూ తీగని కొంచెం కొంచెంగా వదిలాను. అమ్మ కళ్ళు మూసుకుని బేసు పొట్ట మీద అరచెయ్యి పెట్టింది, నీళ్ళలో చిప్ప మీద పెట్టినట్టు. వదులు తీగ గొంతు దూలానికి చాలదు గాని అమ్మ చేతికి చాలింది.

పోలమ్మ చుట్టూ ఉన్న చిప్పలకీ పేర్లున్నాయి. "ఇది నరసమ్మ," అంది ముందు. కాస్త వదిలాను. "ఇది గంగులు." ఇంకాస్త వదిలాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ వదిలాను. అప్పుడు అమ్మ మొహంలో, గుంపులో మన మనిషి కనబడినప్పుడు వచ్చే వెలుగు వచ్చింది. "అదిగో. పోలమ్మ."

పెట్టె చూశాను. ముప్పై రెండున్నర దాటి కొద్దిగా. నాలుగు మెట్లు. అంటే ఐదు అంగుళాలు కాదు, పదకొండు.


భాద్రపద బహుళ పంచమి.

కూర్మారావు మామ పాత చెక్క విప్పి అవే మూడు చిల్లుల్లో కొత్తది బిగిస్తానన్నాడు. చెక్కతో చిక్కు లేదు. తీగతోనే. చక్రం ఆరంగుళాలు పైకి పోతే తీగ పైకి ఆరు, మళ్ళీ కిందకి ఆరు, మొత్తం అడుగు ఎక్కువ కావాలి. నేను కత్తిరించిన కొస ఉండి ఉంటే సరిపోయేది.

ముగ్గురం బల్ల చుట్టూ కూర్చుని ఆ పొట్టితీగని చూస్తూ ఉండిపోయాం. నేను ఏడవకుండా ఉండటానికి శ్రుతిపెట్టె తుడుస్తున్నాను.

"తుడిసింది సాలు, అరిగిపోద్ది," అన్నాడు తాత.

అమ్మ మధ్యాహ్నం గంజి పట్టుకొచ్చింది. విషయం చెప్పాం. తీగని, చక్రాన్ని, మరని మార్చి మార్చి చూసి మామని అడిగింది, "ఈ సక్రం దాటినాక కిందకి దిగే ముక్క కూడా పలకాలేటి?"

"అక్కర్లేదు. ఒట్టినే లాగి పట్టుకోడానికి."

"ఒట్టినే లాగి పట్టుకోడానికి ఇంత ఖరీదు తీగెందుకు. తాడు కట్టండి."

మామ చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. "జారిపోద్దే. అంత బిగువుకి ఏ ముడీ నిలబడదు."

"మా బుట్ట ముడి నిలబడతాది. నిండు బుట్టతో మనిసిని పైకి లాగినా జారదు. తడిసేకొద్దీ బిగుస్తాది," అని కొంగు నడుముకి దోపి కూర్చుంది. సన్నటి తాడు మూడు పేటలు పేని, తీగ కొసని మడిచి, దాని మీద ఏడు చుట్లు చుట్టి, వెనక్కి దూర్చి, పళ్ళతో లాగింది. ముడి చక్రానికి రెండంగుళాలు ఇవతల, మర వైపున ఉండేలా కొలిచింది. కొలత వేళ్ళతోనే. నేను ఈసారి అడిగాను, ఎందుకలా అని. చక్రం మీదకి ముడి ఎక్కితే తెగుతుందని చెప్పింది. రాసుకున్నాను.


భాద్రపద బహుళ త్రయోదశి.

మూడు రోజులు ముడిని బిగువు మీద ఉంచి చూశాం. మొదటి రోజు నూలుపోగంత సాగింది. తర్వాత కదల్లేదు.

గొళ్ళేలు ఇప్పుడు నాలుగు, మెట్టుకొకటి. అన్నీ వేసి ఉంటే పాత బేసే. ఒక్కొక్కటే తీసుకుంటూ పోతే ఒక్కో మెట్టు దిగుతుంది. తాత ఎడమచేత్తో గొళ్ళేలు తియ్యడం నేర్చుకుంటున్నాడు. ఈ వయసులో తలుపులు తియ్యడం నేర్పుతున్నావు, ఏ ఇంట్లోకి దొంగతనానికెళ్ళాలి అని నన్ను అడిగాడు.

అమావాస్య నాడు ఆయనకి గదిలోంచి చిప్పలు మూసుకున్నదీ లేనిదీ కనబడదు. తుంపర లేస్తుంది. అలల హోరులో చిప్పల చప్పుడూ వినబడదు. అందుకని నేను గోడ మీద ఉండి ఎర్రగుడ్డ చూపించాలి. గుడ్డ కిందకి దించితే ఇంకో గొళ్ళెం తియ్యాలి. రెండు చేతులతో పైకెత్తితే ఆపాలి.

సున్నం బట్టీవాళ్ళు ఇవాళ వచ్చి గట్టు మీద తాడుతో కొలతలు వేసుకుని వెళ్ళారు. అమ్మ వాళ్ళకి మంచినీళ్ళిచ్చింది.


భాద్రపద అమావాస్య. పోటు ఉదయం 8.50.

తెల్లారేసరికి ఊరంతా గట్టు మీద ఉంది. గాలి తూర్పుది. లోలాక్షమ్మ గారు మడుగు వైపు మెట్ల మీద కూర్చున్నారు.

ఎనిమిదింపావుకి తాత మొదలుపెట్టాడు. చిన్నచిప్పలు ఇటు చివర నుంచి తలుపులు వేసుకున్నట్టు వరసగా మూసుకున్నాయి. లావు తీగ ఖాళీ గొంతు దగ్గరకి వచ్చేసరికి డెబ్బై ఒకటి. గుడ్డ దించాను. మొదటి గొళ్ళెం. ఎనభై మూడు. మళ్ళీ దించాను. తొంభై రెండు. పోయినసారి మూసుకున్న ఒకటి మూసుకోలేదు. ఈ పదిహేను రోజుల్లో అదీ ఎదిగింది.

మూడో గొళ్ళెం. అమ్మా నేనూ గోడ మీద ఒకరి వెనక ఒకరం దూరపు చివరకి నడుస్తున్నాం. అలల తుంపరకి మోకాళ్ళ దాకా తడిసిపోయాం. నూట నాలుగు.

నాలుగోసారి గుడ్డ దించాను. చెవికి ఏమీ రాలేదు. పాదాల కిందకి వచ్చింది. గంగులు మూసుకున్నాడు. పక్కవి మూసుకున్నాయి. పోలమ్మ నోరు తెరుచుకునే ఉంది. సముద్రం దానిలోంచి లోపలికి దూకుతోంది.

అమ్మ వంగి పోలమ్మ పెదవి మీద అరచెయ్యి పెట్టింది.

"తియ్యమ్మా చెయ్యి. మూసుకుంటే తెగిపోద్ది."

"ఉండే. దానికి ఇనపడతంది. పెద్దది కదా, లేవడానికి టైం పడతాది."

నేను ఆవిడ నడుము పట్టుకున్నాను, లాగడానికో పడిపోకుండా ఉండటానికో తెలియదు. దూలంలోంచి ఆ గొంతు ఆగకుండా వస్తూనే ఉంది. విల్లు తిరిగే చోట కూడా తెగలేదు. నా చేతుల కింద అమ్మ వెన్నెముకలో అది వినబడింది. అప్పుడు అమ్మ చెయ్యి తీసేసింది, తొందరేమీ లేకుండా. పోలమ్మ మూసుకుంది.

బయట నీళ్ళు గోడ అంచుకి జానెడు కిందదాకా వచ్చి ఆగాయి. లోపల ఏరు తన మానాన తను ఉంది. లోలాక్షమ్మ గారు మెట్లు దిగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. ఇంకోసారి ముంచి చూశారు. "సప్పగా ఉంది," అన్నారు. తర్వాత పక్కనున్న ఆయనతో, "బట్టీవాళ్ళని రావొద్దని కబురెట్టీండి," అన్నారు.

గట్టు మీద జనం అమ్మని ఎత్తుకుందామని చూస్తే కత్తి చూపించి బెదిరించింది. నేను నవ్వుతూ, ఏడుస్తూ, తొమ్మిదిన్నర దాకా పోలమ్మ మీదే కూర్చున్నాను. అప్పుడు పాదాల కింద ఇంకా ఏదో కదులుతున్నట్టు అనిపించింది. ఎర్రగుడ్డ నా ఒళ్ళో ఉంది. నేను ఆపమని ఎత్తలేదు.

గదికి పరిగెత్తాను. తాత చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. విల్లు వెంట్రుకలు సగం తెగి వేలాడుతున్నాయి. నన్ను చూసి కూడా ఆపలేదు.

"ఎన్ని?"

"అన్నీ తాతా. నూటపన్నెండు."

"ఎప్పుడు?"

"చాలాసేపయింది. గుడ్డ ఎత్తడం మర్చిపోయాను."

"సదుకున్నోలకి జాలుండదని మా యమ్మ ఎప్పుడో సెప్పింది," అన్నాడు. మొహం మాత్రం విచ్చుకునే ఉంది. "సేతులు పడిపోతన్నాయి. మరింక ఆపీమంటావా?"

ఆపమనే చెప్పాలి. కాని నేను దూలం మీద కూర్చుని బేసు పక్కకి వీపు ఆనించాను. "ఇంకొక్క విల్లు లాగు తాతా."

లాగాడు. అది అయ్యాక అడక్కుండానే ఇంకోటి లాగాడు.

మూసుకున్నవి నూట పన్నెండు. వాయించిన సేపు ఎనభై నిమిషాలు. అందులో చివరి నలభై అవసరం లేదు.